మూత్రపిండ ధమనియందలి ఉబ్బు : కడుపు కోయక చేయు చికిత్స

విద్యార్థులారా, శరీరశాస్త్ర పాఠములలో మూత్రపిండముల బొమ్మను మీరెల్లరు చూచియే యుందురు. చిక్కుడుగింజవంటి ఆకారముగల ఆ రెండు అవయవములు కడుపు వెనుకభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల నొక్కొక్కటిగా నమరియున్నవి. పెద్దవారియందు ఒక్కొక్కటి సుమారు 11 సెంటీమీటర్ల పొడవును, సుమారు 150 గ్రాముల బరువును గలిగియుండును. ఇంత చిన్న యవయవములకు హృదయము పంపు రక్తములో ఎంత భాగము పోవునో ఎఱుగుదురా? ఇంచుమించు అయిదింట నొక భాగము; అనగా నిమిషమునకు ఒక లీటరునకు మించిన రక్తము. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, అందులో ఒకటిన్నర లీటరును మాత్రము మూత్రముగా వెలికి బంపి, తక్కినదానినంతను మరల రక్తమునకే అప్పగించును.

ఈ రక్తమును కొనివచ్చు నాళమునకు మూత్రపిండ ధమని యని పేరు. ఆ ధమనికి వచ్చు నొక అరుదైన జబ్బును గూర్చియు, కడుపు కోయకయే దానిని బాగుచేయు విధమును గూర్చియు ఈ వ్యాసమున కొంత వివరింప నెంచితిమి. అరుదైన జబ్బును గూర్చి మనమేల చదువవలెనని కొందఱడుగవచ్చును. అందుకు రెండు కారణములు గలవు. తరగతిలో మనము నేర్చుకొను ఒత్తిడి, వ్యాసార్ధము మొదలగు మాటలు ఒక మనుష్యుని ప్రాణముతో ఎట్లు ముడివడియున్నవో ఇందు తేటగా గానవచ్చును. ఇది మొదటి కారణము. ఈ జబ్బు తక్కినవారికంటె బిడ్డలను గను వయస్సులోనున్న స్త్రీలకు ఎక్కువ యపాయకరము. కావున తల్లిదండ్రులును దీనిని తెలిసికొనుట మంచిది. ఇది రెండవ కారణము.

1. ధమని నిర్మాణము

హృదయమునుండి బయలుదేరిన బృహద్ధమని వెన్నెముక ముందుభాగమున క్రిందికి దిగుచు, నడుము పూసలలో మొదటి రెండింటి యెత్తున కుడి యెడమలకు ఒక్కొక్క మూత్రపిండ ధమనిని విడుచును. దీని వ్యాసము అయిదాఱు మిల్లీమీటర్లు మాత్రమే; వ్రాసికొను పెన్సిలుకంటె కొంచెము సన్నము. మూత్రపిండమును సమీపించిన పిమ్మట ఇది రెండుగా చీలి, అవి మరల చిన్న శాఖలుగా విడిపోవును.

ఇచ్చట నొక విశేషమును మఱవరాదు. గోదావరి డెల్టాలో 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినపిమ్మట వ్యాపించిన కాలువలను తలచుకొనుడు. ఒక పిల్లకాలువకు గండిపడినచో, ప్రక్కకాలువనుండి నీరు మళ్లించి పొలమును కాపాడుకొను వీలు కొన్నిచోట్ల నుండును. మూత్రపిండములో అట్టి వీలు లేదు. ధమని యొక్క ప్రతి శాఖకును దాని తడి వేఱు. ఒక శాఖ మూసికొనిపోయినచో, ప్రక్కశాఖ వచ్చి ఆ భాగమును తడుపదు. ఆ భాగము ఎండి చచ్చును. ఈ ఒక్క సంగతియే ఈ జబ్బు చికిత్సనంతను కష్టతరము చేయుచున్నది. కావున దీనిని మనస్సున నుంచుకొని ముందునకు సాగుదము.

ధమని గోడ మూడు పొరలు గలది. లోపలి పొర మిక్కిలి నునుపైనది. నడిమి పొర కండరముతోను, సాగుడు గల తంతువులతోను కూడియున్నది. వెలుపలి పొర గట్టి తొడుగువంటిది. హృదయము కొట్టుకొనునప్పుడెల్ల ఈ గోడ కొంచెము సాగి, తిరిగి యథాస్థితికి వచ్చును. దినమునకు ఇంచుమించు లక్ష మారు లిట్లు జరుగుచుండును.

2. ఉబ్బు అననేమి?

సైకిలు ట్యూబులో నొకచోట రబ్బరు పలుచబడినచో, గాలి కొట్టినప్పుడు అచ్చోటనే బుడ్డవలె పొంగుట మీరు చూచియుందురు. ధమని గోడ యొకచోట బలహీనమైనప్పుడు అట్లే రక్తపు టొత్తిడికి వెలికి పొంగును. దీనినే వైద్యులు ఎన్యూరిజము అందురు. వెడల్పగుట యను నర్థముగల గ్రీకుమాటనుండి ఈ పేరు వచ్చినది. నాళము తన సహజ వ్యాసమునకు ఒకటిన్నర రెట్లు మించి ఒకచోట వెడల్పయినయెడల దానికీ పేరు చెల్లును. మూత్రపిండ ధమనియం దిది తరచుగా సంచివలె నొకప్రక్కకు పొంగును. అందును ధమని రెండుగా చీలుచోటనే పెక్కుమాఱులు కనబడును.

1770లో రూప్ అను వైద్యుడు పడి దెబ్బతిని మరణించిన యొక నావికుని శరీరమును కోసి పరీక్షించి వ్రాసిన వృత్తాంతమే ఈ జబ్బునకు తొలి వర్ణన యని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. ఆ కాలమున మరణానంతరము తప్ప దీనిని కనుగొను నుపాయము లేకుండెను. ఇప్పుడు వేయిమందిలో సుమారొకరి కిది యుండవచ్చునని లెక్కింతురు.

గోడ బలహీనమగుటకు కారణములు పెక్కు గలవు. ధమని గోడలోని కండరమును తంతువులును క్రమము తప్పి పెరుగు జబ్బొకటి గలదు. అది ఎక్కువగా స్త్రీలకు వచ్చును. వయస్సుతో కొవ్వును సున్నమును పేరుకొని గోడ గట్టిపడి పెళుసగుట మఱియొకటి. పుట్టుకతోనే శరీరపు తంతువులు బలహీనముగా నుండుట, రక్తనాళముల వాపుజబ్బులు, దెబ్బ తగులుట మొదలైనవియు గలవు.

3. పొంగిన గోడ ఏల ప్రమాదకరము?

ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు లాప్లాసు (1749–1827) పేరిట నొక నియమము గలదు. ఒక గొట్టముయొక్కగాని సంచియొక్కగాని గోడమీద పడు లాగుడు రెండింటిని బట్టి యుండును: లోపలి యొత్తిడిని బట్టియు, వ్యాసార్ధమును బట్టియు. ఒత్తిడి మాఱకున్నను, వ్యాసార్ధము రెట్టింపైనచో లాగుడును రెట్టింపగును. దీనికి తోడు గోడ సాగినకొలది పలుచబడును. కావున లాగుడు పెరుగుచుండగా, దానిని భరింపవలసిన గోడ తఱుగుచుండును.

ఇంటియొద్ద ఒక రబ్బరు బుడగను ఊది ఈ నియమములో కొంత గ్రహింపవచ్చును. బుడగ పెద్దదైనకొలది దాని గోడ పలుచబడి, వెలుతురు దానిగుండా కనబడును. అట్లు పలుచబడినచోట సూదిమొన తగిలినను అది పగిలిపోవును. సగము మాత్రమే ఊదిన బుడగ మెత్తని మూతియొద్ద గుచ్చినను ఒక్కొక్కప్పుడు పగులక నిలుచును. గోడ మందమునకును లాగుడునకును గల సంబంధ మిదియే.

అయినను ధమని ఉబ్బులన్నియు పగులునని భయపడరాదు. అవి పెక్కుభాగము మిక్కిలి మెల్లగా పెరుగును; కొన్ని ఏండ్ల తరబడి పెరుగక నిలిచియుండును. 2015లో అమెరికాలోని 16 వైద్యసంస్థలవారు కలిసి 760 మంది రోగులయందలి 865 ఉబ్బుల వృత్తాంతమును ప్రకటించిరి. అందు నాలుగింట మూడువంతులమందికి ఏ బాధయు లేదు. ఉబ్బుల సగటు వ్యాసము ఒకటిన్నర సెంటీమీటరు. వాని పెరుగుదల సంవత్సరమునకు ఒక మిల్లీమీటరుకంటెను తక్కువ. ఈ లెక్కలు వైద్యుల తలంపును చాల మార్చినవి.

బాధ కలిగినవారికి నడుముప్రక్క నొప్పి, మూత్రమున రక్తము అనునవి కనబడవచ్చును. మఱి పెక్కుమందికి రక్తపుపోటు అధికముగా నుండును. దీని కారణము కొంత విచిత్రమైనది. ఉబ్బుతో పాటు ధమని యొకచోట ఇరుకైనచో, మూత్రపిండమునకు రక్తము చాలినంత యందదు. అప్పుడు మూత్రపిండము శరీరమునందంతటను రక్తము తగ్గినదని భ్రమించి, రెనిన్ అను పదార్థమును రక్తములోనికి వదలును. దానివలన రక్తనాళములు బిగిసి, శరీరమంతట పోటు పెరుగును. 1934లో హారీ గోల్డుబ్లాటు అను అమెరికను వైద్యుడు కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి, వాని రక్తపుపోటు పెరుగుట చూపి, ఈ సంబంధమును స్థిరపఱచెను. పోటు పెరిగినచో ఉబ్బుమీద లాగుడును పెరుగునుగదా. కావున ఈ రెండు దోషములు ఒకదాని నొకటి పోషించుకొనును.

4. ఎవరికి చికిత్స వలెను? ఎవరికి వలదు?

ఈ జబ్బునందు అన్నిటికంటె కఠినమైన ప్రశ్న యిదియే. ఇప్పుడు పెక్కు ఉబ్బులు వేఱొక కారణముచే సి.టి. పరీక్ష చేసినప్పుడు అనుకోకుండ కనబడుచున్నవి. కడుపునొప్పికై పరీక్షకు పోయినవానికి, "మీ మూత్రపిండ ధమనిలో బుడ్డ యున్నది" అని చెప్పినయెడల వానికి నిద్రపట్టునా? "వెంటనే తీసివేయుడు" అని వాడు కోరుట సహజమే. కాని తీసివేయు ప్రయత్నమునందును ప్రమాదము గలదు. పగులునో పగులదో తెలియని దానికై, తప్పక వచ్చు చికిత్స కష్టమును మీద వేసికొనుట న్యాయమా యని వైద్యుడు తూచి చూడవలెను.

వెనుక రెండు సెంటీమీటర్లు దాటిన ఉబ్బులనెల్ల బాగుచేయవలెనని వైద్యులు చెప్పుచుండిరి. పైని జెప్పిన పరిశోధన వెలువడిన పిమ్మట, 2020లో అమెరికాయందలి సొసైటీ ఫర్ వాస్క్యులర్ సర్జరీ అను రక్తనాళ వైద్యుల సంఘము ఆ హద్దును మూడు సెంటీమీటర్లకు పెంచినది. బాధ లేని రోగి శస్త్రచికిత్సకు తట్టుకొనగలవాడైనచో, మూడు సెంటీమీటర్లు మించిన ఉబ్బునకే చికిత్స సూచించిరి. అంతకు చిన్నవానిని ఏటేట పరీక్షించుచు కనిపెట్టియుండవచ్చును. రెండు పరీక్షలలో మార్పు లేనిచో రెండు మూడేండ్ల కొకమారు చూచినను చాలును. నొప్పి, మూత్రమున రక్తము మొదలగు బాధలు గలవారికిని, మందులకు లొంగని రక్తపుపోటుతో ధమని ఇరుకైనవారికిని పరిమాణముతో పనిలేక చికిత్స చేయవలెను.

ఈ నియమమునకు ముఖ్యమైన మినహాయింపొకటి గలదు. బిడ్డను గను వయస్సులోనున్న స్త్రీకి ఉబ్బు ఎంత చిన్నదైనను చికిత్స చేయుటయే మేలని ఆ సంఘమువారు చెప్పిరి. కారణమేమన, గర్భిణి శరీరమందు రక్తపు పరిమాణము ఇంచుమించు సగము పెరుగును. హృదయము ఎక్కువగా పనిచేయును. ధమని గోడలును గర్భకాలపు మార్పులచే మెత్తబడును. కావున అంతవరకు నిశ్చలముగా నున్న చిన్న ఉబ్బు కడపటి మాసములలో పగులవచ్చును. అట్లు పగిలినప్పుడు సగముకంటె నెక్కువమంది తల్లులు మరణించిరనియు, శిశువుల మరణము అంతకంటె నెక్కువ యనియు వెనుకటి వైద్య నివేదికలు చెప్పుచున్నవి. ఇప్పుడు శీఘ్రముగా గుర్తించి చికిత్స చేయుటచే కొందఱు తల్లులును శిశువులును బ్రదుకుచున్నారు. అయినను పగిలినపిమ్మట పరుగెత్తుటకంటె, పెండ్లికిగాని గర్భమునకుగాని ముందే తెలిసినయెడల బాగుచేయించుకొనుట మేలుకదా.

5. కడుపు కోసి చేయు పూర్వపు విధానము

ధమనులను సూదిదారములతో కుట్టి అతికించు నేర్పును ఫ్రెంచివాడగు అలెక్సిసు కారెలు ఇరువదియవ శతాబ్దపు ప్రారంభమున లోకమునకు చూపెను. అందులకు 1912లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆ నేర్పు వ్యాపించిన తరువాతనే మూత్రపిండ ధమని ఉబ్బును కోసివేసి, మిగిలిన గోడను కుట్టుట సాధ్యమైనది. కావలసినచో కాలిలోని సిరను కొంత తీసి అతుకు వేయుదురు. ఉబ్బు శాఖల లోతున నున్నచో, మూత్రపిండమును శరీరమునుండి వెలికి తీసి, మంచుతో చల్లార్చి, బల్లమీద నుంచి బాగుచేసి, మరల తుంటి యెముక లోపలి ప్రక్కను అమర్చు పద్ధతియు 1960 దశాబ్దమునుండి గలదు.

ఇది సామాన్యమైన పని కాదు. మూత్రపిండము వెన్నెముకయొద్ద లోతుగా నుండుటచే కడుపు పొడవుగా కోయవలెను. కుట్టునంతసేపు రక్తప్రవాహము నాపవలెను. చల్లార్చని మూత్రపిండము రక్తము లేక అరగంటకంటె నెక్కువ నిలిచినయెడల దెబ్బతినును. రోగి దాదాపు వారముదినములు ఆసుపత్రిలో నుండి, పిమ్మట కొన్ని వారములు ఇంట విశ్రాంతి గైకొనవలెను. ఒక్కొక్కప్పుడు మూత్రపిండమునే తీసివేయక తప్పదు. అయినను అనుభవముగల శస్త్రవైద్యుల చేతిలో ఈ విధానము చాలకాలము నిలుచు మంచి ఫలము నిచ్చుచున్నది. క్రొత్తది వచ్చినదని దీనిని తక్కువగా తలపరాదు.

6. సన్నగొట్టపు మార్గము ఎట్లేర్పడినది?

కడుపు కోయక, రక్తనాళమునే మార్గముగా జేసికొని లోపలికి పోవచ్చునను తలంపు ఒక్కదినమున పుట్టినది కాదు. 1895లో రాంట్జెను ఎక్సు కిరణములను కనుగొనెను. 1929లో వెర్నెరు ఫోర్సుమను అను యువ జర్మను వైద్యుడు తన మోచేతి సిరగుండా సన్నని గొట్టమును తన హృదయమువఱకు తానే త్రోసికొని, ఎక్సురే చిత్రము తీయించుకొనెను. అప్పుడు పలువు రాయనను నిందించిరి. 1956లో ఆయనకు మఱి యిద్దఱితో పాటు నోబెలు బహుమానము వచ్చినది. అదే 1929లో లిస్బను నగరమున రేనాల్డో డోసు సాంటోసు బృహద్ధమనిలోనికి ఎక్సురేయందు కనబడు ద్రవమును ఎక్కించి చిత్రము తీసెను.

1953లో స్వీడను దేశపు వైద్యుడు స్వెను ఇవారు సెల్డింగరు ఒక సులభోపాయమును ప్రకటించెను. ముందు సూదితో ధమనిని గుచ్చవలెను. సూదిగుండా వంగెడు తీగను లోనికి పంపవలెను. సూదిని తీసివేసి, ఆ తీగమీదుగా గొట్టమును జాఱవిడువవలెను. పిదప తీగను తీసివేయవలెను. వినుటకు ఎంతో సామాన్యమైనది. కాని నేడు లోకమంతట జరుగుచున్న ఈ జాతి చికిత్సలకు ఇదియే తొలిమెట్టు.

ఆ గొట్టముతో చిత్రము తీయుటయే గాక చికిత్సయు చేయవచ్చునని చూపినవాడు అమెరికాయందలి పోర్టులండు నగరపు వైద్యుడు చార్లెసు డాటరు. 1964 జనవరి 16వ తేదీన ఆయన 82 సంవత్సరముల వృద్ధురాలి కాలిధమని యిరుకును గొట్టములతోనే వెడల్పు చేసెను. కాలు తీసివేయవలెనని తక్కినవారు చెప్పగా ఆమె యొప్పుకొనలేదు. ఈ చికిత్స తరువాత ఆమె మరణమువఱకు తన కాళ్లమీదనే నడిచినది. 1990లో అర్జెంటీనాయందలి బ్యూనసు ఐరెసు నగరమున హువాను పరోడీ లోహపు జాలికి వస్త్రము తొడిగి, బృహద్ధమని ఉబ్బును లోపలినుండియే కప్పెను. ఆ దశాబ్దారంభముననే ఇటలీవాడైన గైడో గుల్యెల్మీ, లాస్ ఏంజెలిసులో పనిచేయుచు, మెదడు ధమనుల ఉబ్బులను మెత్తని ప్లాటినము తీగచుట్టలతో నింపు సాధనమును కల్పించెను. ఈ చుట్ట సరిగా అమరినదని చూచుకొనిన పిమ్మటనే విద్యుత్తుచే దానిని విడువవచ్చును. అమరనిచో వెనుకకు లాగికొనవచ్చును. మూత్రపిండ ధమనికి నేడు చేయు చికిత్స ఈ సాధనములన్నిటి సమ్మేళనమే.

7. చికిత్స జరుగు తీరు

ముందుగా సి.టి. చిత్రములను కొలిచి, ఉబ్బు ఎక్కడనున్నది, దాని మెడ వెడల్పెంత, ఏయే శాఖలు దానినుండి బయలుదేరుచున్నవి యను సంగతులను నిర్ణయింతురు. పిమ్మట రోగిని బల్లమీద పరుండబెట్టి, గజ్జయొద్దగాని చేతియొద్దగాని చర్మమునకు స్పర్శ తెలియకుండ మందిత్తురు. తఱచుగా రోగి మెలకువగానే యుండును. సెల్డింగరు చెప్పినట్లు సూది, తీగ, గొట్టము క్రమముగా ధమనిలోనికి పోవును. రక్తము గడ్డకట్టకుండ హెపారిను అను మందు నెక్కింతురు. గొట్టము బృహద్ధమనిలో మీదికి ప్రాకి మూత్రపిండ ధమని ద్వారమును చేరగానే, అయోడిను గల ద్రవమును కొంచెము విడిచిన, తెరమీద ధమనియు దాని ఉబ్బును చెట్టుకొమ్మకు వ్రేలాడు పండువలె కనబడును.

ఇక ఉబ్బు తీరునుబట్టి ఉపాయము మాఱును.

మెడ యిఱుకైన సంచియైనచో, మిల్లీమీటరుకంటె సన్నని గొట్టమును సంచిలోనికి పంపి, తలవెండ్రుక వంటి సన్నని ప్లాటినము తీగచుట్టల నొకదానివెంట నొకటి నింపుదురు. ఆ చుట్టల నడుమ రక్తము నిలిచి గడ్డకట్టును. సంచి మూసికొనిపోవును, ధమనిమాత్రము తెఱచియే యుండును.

మెడ వెడల్పయినచో చుట్టలు జాఱి ధమనిలోనికి వచ్చు భయము గలదు. అందువలన ధమనిలో స్టెంటు అను జాలిగొట్టమును ముందుంచి, జాలి కన్నులగుండా సంచిని నింపుదురు. లేదా చుట్టలు నింపునంతసేపు చిన్న బుడగను ఊది మెడను అడ్డగింతురు.

ఉబ్బు శాఖలు లేని ధమని కాండముమీద నున్నచో, వస్త్రము తొడిగిన స్టెంటును లోపల విప్పుదురు. రక్తము ఆ క్రొత్త గోడవెంట పోవును. ఉబ్బు వెలుపల నుండిపోవును. కాని శాఖ బయలుదేరుచోట దీనిని వాడినయెడల ఆ శాఖయు మూసికొనిపోవునుగదా. ప్రతి శాఖకును దాని తడి వేఱని మొదట చెప్పిన మాట ఇచ్చట జ్ఞాపకము చేసికొనుడు.

ఉబ్బు మిక్కిలి చిన్న శాఖ చివరనున్నచో, ఆ శాఖనే మూసివేయుట కొన్నిసారులు తప్పదు. ఆ శాఖ తడుపు కొంచెము భాగము చచ్చును. మిగిలిన మూత్రపిండము నిలుచును. పొలములో నొక మడి పోయినను పొలము దక్కినట్లు.

పని ముగిసిన తరువాత గొట్టమును తీసి, గుచ్చినచోట గట్టిగా అదిమి, రోగిని కొన్ని గంటలు కదలకుండ నుంతురు. పెక్కుమంది ఒకటి రెండు దినములలో ఇల్లు చేరుదురు. స్టెంటు పెట్టినవారు రక్తము గడ్డకట్టనీయని మాత్రలను వైద్యుడు చెప్పినంతకాలము విడువక పుచ్చుకొనవలెను.

8. చిన్న గాయము, చిన్న పని కాదు

గాయము సూదిమొనయంతయే కావున అపాయమును అంతయేయని తలచుట తగదు. లోపల నడుచు తీగ ధమని పొరను చీల్చవచ్చును. చుట్ట జాఱి శాఖను మూయవచ్చును. గుచ్చినచోట రక్తము గూడుకట్టవచ్చును. చిత్రముకొఱకు ఎక్కించు అయోడిను ద్రవము, మూత్రపిండము ముందే దుర్బలముగా నున్నవారికి, ఏ మూత్రపిండమును కాపాడనెంచితిమో దానికే హాని చేయవచ్చును. కావున ఆ ద్రవమును వీలైనంత తక్కువగా వాడుదురు. మూసిన ఉబ్బు కొన్నాళ్లకు మరల తెఱచుకొనవచ్చును. అందుచేత నియమము తప్పక పరీక్షకు పోవుచుండవలెను. శాఖలు చిక్కుబడి సన్నగొట్టమునకు లొంగని ఉబ్బులకు నేటికిని శస్త్రవైద్యుని కత్తియే గతి. యంత్రపు చేతుల సాయముతో చిన్న రంధ్రములగుండా కుట్టు పద్ధతియు కొన్ని పెద్ద ఆసుపత్రులలో నడచుచున్నది.

కావున ఉత్తమమైన చికిత్స యేదియని అడిగినచో ఒక్కమాటలో చెప్పరాదు. ఉబ్బునుబట్టియు, రోగినిబట్టియు, ఆ యాసుపత్రిలోని చేతుల యనుభవమునుబట్టియు అది మాఱును. తాకక కనిపెట్టియుండుటయు నొక చికిత్సయే; అది నిర్లక్ష్యము కాదు, లెక్కతో కూడిన ఓర్పు.

9. మనకు గల ప్రయోజనము

ఈ పాఠమువలన మూడు సంగతులు గ్రహింపవలెను. మొదటిది తల్లిదండ్రులకు. రక్తపుపోటు కొలిపించుకొనుట సూది లేని, నొప్పి లేని, కొన్ని నిమిషముల పని. మిక్కిలి పడుచువారికి పోటు అధికమైనను, మూడు నాలుగు మందులకును లొంగకున్నను, దాని మూలము మూత్రపిండ ధమనిలో నున్నదేమో చూడుమని వైద్యుని అడుగుట తప్పుకాదు. మూత్రమున రక్తము కనబడినచో సిగ్గుచేతగాని భయముచేతగాని దాచరాదు. ఇవి పెక్కుమాఱులు వేఱు సామాన్య కారణములచేతనే వచ్చును. అయినను కారణమును తేల్చుకొనుట మేలు. ఉబ్బు కలదని ముందే తెలిసిన గర్భిణి నడుముప్రక్క ఆకస్మికమైన గట్టినొప్పిని, తలతిరుగుడును ఉపేక్షింపక తత్‌క్షణమే పెద్ద ఆసుపత్రికి చేరవలెను.

రెండవది విద్యార్థులకు. సెల్డింగరు ఉపాయములో మిక్కిలి విలువైన యంత్రమేదియు లేదు. సూది, తీగ, గొట్టము మాత్రమే. ఏది ముందు, ఏది వెనుక యను క్రమమును ఆలోచించుటయే ఆయన చేసిన గొప్ప పని. మన ప్రయోగశాలలోని సామాన్య సాధనములను చూచి, వీనితో నేమగునని చిన్నచూపు చూచువారు ఈ సంగతి తలపవలెను.

మూడవది మనకందఱకు. 1770లో మరణించినవాని శరీరమందు మాత్రమే కనబడిన జబ్బు, నేడు బ్రదికియున్నవాని శరీరమున, మూత్రపిండము చెడకుండ, మెలకువగా నున్న రోగితో మాటలాడుచునే బాగగుచున్నది. నడుమ రెండువందల యేబది యేండ్లు గడచినవి. భౌతికశాస్త్రజ్ఞుడు, గణితజ్ఞుడు, కుట్టు నేర్చిన శస్త్రవైద్యుడు, తన చేతినే గుచ్చుకొనిన యువకుడు, కాలు ఇయ్యనని పట్టుబట్టిన వృద్ధురాలు, వీరిలో నెవ్వరును మూత్రపిండ ధమని ఉబ్బును తలచి పనిచేసినవారు కారు. అయినను ఒకరు వేసిన మెట్టుమీద మఱియొకరు కాలుమోపిరి. నేడు తరగతిలో మీరు నేర్చుచున్న ఏ పాఠము రేపు ఎవరి తల్లికి ప్రాణము నిలుపునో చెప్పజాలము. కావున ఏ పాఠమును తేలికగా నెంచక శ్రద్ధతో చదువుకొందురని మేము కోరుచున్నాము.